ప్లేటోతో మొదలుపెట్టాలా, అరిస్టాటిల్‌తోనా? గ్రీకు రాజనీతి గ్రంథాల ఎంపికకు ఒక పోలిక

బడిలో సాంఘిక శాస్త్రం చదివిన తెలుగువారిలో 'మానవుడు సంఘజీవి' అన్న వాక్యం వినని వారుండరు. అది అరిస్టాటిల్ మాట అని కూడా చాలామందికి గుర్తుంటుంది. అయితే ఆయన వాడిన గ్రీకు మాటకు 'పోలిస్‌లో, అంటే తనను తాను పాలించుకునే నగర సమాజంలో బతికే స్వభావం గల ప్రాణి' అని అర్థం. గుంపుగా బతకడమే సంగతైతే తేనెటీగలూ సంఘజీవులే, ఆ పోలికను అరిస్టాటిల్ కూడా అక్కడే తెస్తాడు. మనిషికి వాటికి లేని మాట ఉందనీ, ఏది మేలో ఏది కీడో, ఏది న్యాయమో ఏది అన్యాయమో దానితో ఎదుటివారికి చెప్పగలడనీ, ఈ విషయాలలో కుదిరే పొత్తే ఇంటినీ నగరాన్నీ నిలబెడుతుందనీ ఆయన వాదన. మన పాఠ్యపుస్తక వాక్యంలో ఈ సగం జారిపోయింది. మూలగ్రంథాల దగ్గరికి వెళ్ళవలసిన అవసరం ఇలాంటి చోటే తెలుస్తుంది.

వెళ్ళాలనుకున్న వారికి మొదట ఎదురయ్యే చిక్కు ఏ పుస్తకంతో ఆరంభించాలన్నది. అందరూ ఇచ్చే సలహా ప్లేటో 'రిపబ్లిక్'. అది తప్పుడు సలహా కాదు గానీ, చాలామంది విషయంలో వేళ కాని వేళ ఇచ్చిన సలహా. ప్రభుత్వం ఎలా నడుస్తుందో తెలుసుకుందామని ఆ గ్రంథాన్ని తెరిచిన వ్యక్తి కొద్ది పుటల్లోనే ఆత్మకు ఎన్ని భాగాలు, కవులను నగరంలో ఉంచాలా వెళ్ళగొట్టాలా అన్న చర్చల్లో చిక్కుకుంటాడు, తాను అడగదలచిన ప్రశ్న ఎక్కడ తప్పిపోయిందో తెలియక పుస్తకాన్ని మూసేస్తాడు. తప్పు పుస్తకానిది కాదు, ప్రశ్నకూ పుస్తకానికీ జత కుదరకపోవడమే కారణం. అందువల్ల ఇక్కడ ప్లేటో రాసిన 'రిపబ్లిక్', 'చట్టాలు' (ఇంగ్లిషులో లాస్), అరిస్టాటిల్ 'పాలిటిక్స్', ఆయన పేరుతో లభిస్తున్న 'ఏథెన్స్ రాజ్యాంగం' అనే నాలుగింటినీ, అవి ఏ ప్రశ్నకు జవాబు చెబుతాయన్న దృష్టితో పోల్చి చూస్తాను. వీటి ముందు చదవదగిన ఒక చిన్న సంభాషణ గురించి కూడా చెబుతాను.

ఓడ, విందు

ఇద్దరి మధ్య తేడాను అన్నిటికన్నా స్పష్టంగా చూపేవి వారు ఎంచుకున్న రెండు ఉపమానాలు. 'రిపబ్లిక్' ఆరో భాగంలో ప్లేటో ఒక ఓడను వర్ణిస్తాడు. ఓడ యజమాని బలిష్ఠుడే గానీ కాస్త చెవుడు, చూపు కూడా అంతంత మాత్రం, ఓడ నడిపే విద్యలో తెలివీ అంతే. చుక్కాని తమకే కావాలని నావికులు ఒకరితో ఒకరు కొట్లాడుకుంటూ ఉంటారు, అసలు ఓడ నడపడం నేర్చుకోదగిన విద్యే కాదని వాదిస్తారు. ఋతువులనూ గాలులనూ నక్షత్రాలనూ తెలిసిన నిజమైన చోదకుణ్ణి చూసి, ఇతడు చుక్కలు చూస్తూ కబుర్లు చెప్పే పనికిమాలినవాడని నవ్వుతారు. యజమాని ఏథెన్స్ ప్రజలు, నావికులు ప్రజానాయకులు, చోదకుడు తత్వవేత్త. పరిపాలన ఒక విద్య అనీ, అది కొందరికే అబ్బుతుందనీ ప్లేటో పట్టు.

అరిస్టాటిల్ 'పాలిటిక్స్' మూడో భాగంలో విందు ఉపమానం తెస్తాడు. ఒక్కడి ఖర్చుతో జరిగే విందు కన్నా తలా ఒకటి తెచ్చి కలిపి పెట్టుకునే విందు మెరుగ్గా ఉండవచ్చు. అలాగే విడివిడిగా చూస్తే గొప్పవారు కాని జనం కలిసి కూర్చుని ఆలోచించినప్పుడు కొద్దిమంది ఉత్తముల కన్నా మంచి నిర్ణయానికి రావచ్చు. పైగా ఇంటి మంచిచెడ్డలు కట్టినవాడి కన్నా అందులో కాపురముండేవాడికి, చుక్కాని బాగుందో లేదో చేసిన వడ్రంగి కన్నా పట్టి నడిపేవాడికి, వంట రుచి వండినవాడి కన్నా తిన్నవాడికి బాగా తెలుస్తాయి. ప్లేటో ఓడ ఉపమానానికి ఇంతకన్నా నేరైన జవాబు గ్రీకు గ్రంథాల్లో నాకు కనబడలేదు. ఆయన 'రావచ్చు' అంటాడు తప్ప 'వస్తారు' అనడు, ఏ గుంపుకైనా ఇది వర్తిస్తుందని చెప్పడు. ఈ జాగ్రత్తే ఆయన పద్ధతి.

పాలించే విద్య ఎవరికి తెలుసునన్నది ప్లేటో ప్రశ్న. ఈ నగరంలో ఎలాంటి మనుషులు, ఎంత ఆస్తితో, ఏ అలవాట్లతో బతుకుతున్నారు, వారికి ఏ ఏర్పాటు నిలుస్తుందన్నది అరిస్టాటిల్ ప్రశ్న. మీ మనసులో ఉన్నది ఈ రెండింటిలో ఏదో తేల్చుకుంటే ఎంపిక చాలావరకు అయిపోయినట్టే.

వారి జీవితాలు తెలిస్తే ఈ తేడా ఎక్కడ పుట్టిందో అర్థమవుతుంది. ప్లేటో ఏథెన్స్‌లో పెద్దింటి బిడ్డ. క్రీ.పూ. 404లో, స్పార్టాతో జరిగిన పెలొపొనీసియన్ యుద్ధంలో ఏథెన్స్ ఓడిపోయాక అధికారం చేజిక్కించుకుని నెత్తురు పారించిన ముప్ఫైమంది నిరంకుశుల్లో నాయకుడైన క్రిటియస్ ఆయనకు తల్లి వైపు బంధువు. ఆ పాలన కూలి ప్రజాస్వామ్యం తిరిగి వచ్చాక, క్రీ.పూ. 399లో ఆ ప్రజల న్యాయస్థానమే ఆయన గురువు సోక్రటీస్‌కు మరణశిక్ష విధించింది. కొద్దిమంది పాలననూ, అందరి పాలననూ అయిదారేళ్ళ వ్యవధిలో అంత దగ్గరగా చూసిన మనిషి రెండింటి మీదా నమ్మకం కోల్పోవడంలో వింత లేదు. అరిస్టాటిల్ ఉత్తరాన స్టాగిరా పట్టణంలో వైద్యుడి కుమారుడు. ఏథెన్స్‌లో దశాబ్దాలు గడిపినా అక్కడ ఆయన పరదేశి నివాసి మాత్రమే, సభలో ఓటు లేదు, పదవి లేదు, భూమి కొనే హక్కు లేదు. పౌరుడంటే న్యాయం చెప్పడంలోనూ అధికారంలోనూ భాగం ఉన్నవాడు అన్న ప్రసిద్ధ నిర్వచనం ఆ రెండింటిలోనూ భాగం లేని మనిషి రాసినదని గుర్తుంచుకుని చదివితే దాని బరువు వేరు.

'రిపబ్లిక్' ఎవరికి

గ్రీకులో దీని పేరు 'పొలితేయా', అంటే రాజ్యవ్యవస్థ. కానీ పుస్తకం మొదలయ్యే ప్రశ్న రాజ్యం గురించి కాదు. పిరేయస్ రేవులో, వృద్ధుడైన కెఫలస్ కొడుకు పొలెమార్కస్ ఇంట్లో, న్యాయమంటే ఏమిటన్న మాట మీద సోక్రటీస్ ప్రధాన వక్తగా సంభాషణ ఆరంభమవుతుంది. న్యాయమంటే బలవంతుడికి లాభించేదేనని థ్రాసిమాకస్ విరుచుకుపడతాడు. ప్లేటో సొంత అన్నదమ్ములైన గ్లాకన్, అడైమాంటస్ ఆ వాదాన్ని ఇంకా పదునుపెట్టి, పట్టుబడని మనిషి న్యాయంగా ఎందుకు ఉండాలని అడుగుతారు. పొదిగిన రాయిని లోపలికి తిప్పితే తొడుక్కున్నవాడు కంటికి కనబడకుండా పోయే గైజీస్ ఉంగరం కథ ఇక్కడే వస్తుంది. ఒక మనిషిలోని న్యాయం చిన్న అక్షరాల్లో ఉంటుంది గనుక, అదే పెద్ద అక్షరాల్లో రాసి ఉండే నగరంలో ముందు చదువుదామని సోక్రటీస్ సూచిస్తాడు. పాలకులు, రక్షకులు, ఉత్పత్తిదారులు అన్న మూడు వర్గాల నగరం అలా పుడుతుంది. బుద్ధి, అభిమానం, కోరిక అన్న మూడు భాగాల ఆత్మకు అది నమూనా. నగరం ఇక్కడ వాదానికి సాధనం మాత్రమేనన్న ఈ సంగతిని మరిచి, దీన్ని పరిపాలనా ప్రణాళికగా చదివినవారు ఆశాభంగం పొందుతారు.

అయినా ఆ నగరంలో నేటికీ ఉలిక్కిపడేలా చేసే అంశాలున్నాయి. పాలకులకూ రక్షకులకూ సొంత ఇల్లు, బంగారం, కుటుంబం ఉండకూడదు. భార్యలూ పిల్లలూ ఉమ్మడి. తగిన స్వభావం గల స్త్రీలు పురుషులతో సమానంగా చదువుకుని, యుద్ధానికి వెళ్ళి, పాలకులు కావాలి. ఇంటి గడప దాటని పౌరస్త్రీల కాలంలో ఈ మాట రాసినందుకు ప్లేటోను మెచ్చుకోవాలి, స్త్రీపురుషుల జతలను పాలకులు మోసపు చీట్లతో నిర్ణయించాలని రాసినందుకు నిలదీయాలి. ఎనిమిదో భాగం ఒక్కటీ విడిగా చదివినా విలువైనదే. ఆదర్శ రాజ్యం కీర్తి కోరేవారి పాలనగా, అది ధనికుల పాలనగా, అది ప్రజాస్వామ్యంగా, చివరికి అది నిరంకుశత్వంగా ఎలా దిగజారుతుందో ప్లేటో అందులో తండ్రీకొడుకుల కథల్లా చెబుతాడు. స్వేచ్ఛ మితిమీరిన నగరంలో గాడిదలు కూడా దారి ఇవ్వకుండా తలెత్తుకుని నడుస్తాయన్న వెక్కిరింత అక్కడిదే. ప్రజారక్షకుడిగా వచ్చినవాడు అంగరక్షకులను అడగడంతో నిరంకుశత్వం మొదలవుతుందన్న గమనిక కూడా అక్కడే ఉంది.

న్యాయంగా ఉండటం వల్ల నాకేమిటి అన్న ప్రశ్న మిమ్మల్ని నిజంగా వేధిస్తుంటే 'రిపబ్లిక్' ఎంచుకోండి, దానికి సాటి లేదు. శాసనసభ, న్యాయస్థానం, పన్ను, ఎన్నిక గురించి తెలుసుకోవాలంటే మాత్రం ఇది మీ మొదటి పుస్తకం కాదు.

'పాలిటిక్స్' ఎవరికి

చదవడానికి ఇది 'రిపబ్లిక్' అంత హాయిగా ఉండదు. పాత్రలు లేవు, కథలు తక్కువ. పాఠశాలలో చెప్పిన పాఠాల టిప్పణిలా అక్కడక్కడా తెగిపోతుంది, ఎనిమిదో భాగం సంగీత విద్య మధ్యలో ఆగిపోతుంది. భాగాల వరుస మీద కూడా పండితుల్లో వివాదం ఉంది. అయినా పాలన, సమాజం అన్న రెండు మాటలూ మీ ప్రశ్నలో ఉంటే నా ఎంపిక ఇదే. దీన్ని మొదటి పుట నుంచి కాక మూడో భాగం నుంచి చదవడం మేలు.

రెండో భాగంలో ఉన్న ప్లేటో విమర్శను మాత్రం వదలకూడదు. నగరం ఎంత ఏకమైతే అంత మంచిదన్న గురువు మాటను శిష్యుడు ఒప్పుకోడు. నగరం రకరకాల మనుషుల కూడిక గనుక, ఏకం చేస్తూ పోతే అది ఇల్లవుతుంది, ఇంకా ఏకం చేస్తే ఒక్క మనిషి అవుతుంది, నగరం మిగలదు. ఎక్కువమందికి ఉమ్మడి అయినదానికి తక్కువ ఆలనాపాలనా దక్కుతుందని ఆయన అన్నమాటకు తెలుగులో 'ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చింది' అన్న సామెత సరిగ్గా సరిపోతుంది. ప్లేటో పద్ధతిలో అందరికీ కొడుకు కావడం కన్నా ఒకరికి నిజమైన పినతండ్రి బిడ్డ కావడం నయమని ఎత్తిపొడుస్తాడు. కుండెడు నీళ్ళలో కాస్త తీపి కలిపితే రుచి తెలియనట్టే, వేయిమంది మీద పరచిన ప్రేమ పలచబడుతుందని మరో పోలిక చెబుతాడు.

మూడో భాగంలో ఆరు ప్రభుత్వ రూపాల వర్గీకరణ ఉంది. ఒకరు, కొందరు, చాలామంది పాలించడం ఒక కొలత, అందరి మేలుకా సొంత మేలుకా అన్నది మరో కొలత. పరీక్షలకు చదివేవారు ఈ పట్టిక దగ్గరే ఆగిపోతారు, అరిస్టాటిల్ మాత్రం ఆగడు. ధనికులే ఎక్కువమంది ఉండి పాలిస్తే అది ప్రజాస్వామ్యమా అని తానే ఎదురు ప్రశ్న వేసుకుని, సంఖ్య అన్నది కాకతాళీయమనీ, ధనిక పాలనకూ ప్రజాస్వామ్యానికీ అసలు తేడా సంపద, పేదరికమేననీ తేలుస్తాడు. తాను గీసిన పట్టికను తానే సవరించుకోవడం ఇక్కడ చూడవలసిన విషయం. అక్కడి నుంచి నాలుగో భాగంలో ఆయన చెప్పే మధ్యతరగతి వాదానికి దారి తిన్నగా వెళుతుంది. మితిమీరిన సంపన్నులకు లోబడటం తెలియదు, మితిమీరిన పేదలకు ఏలడం తెలియదు, ఆ ఇద్దరే ఉన్న చోట యజమానులూ దాసులూ ఉంటారు తప్ప పౌరులు ఉండరు. అందుచేత మధ్యస్థులు బలంగా ఉన్న మిశ్రమ వ్యవస్థే చాలా నగరాలకు సాధ్యమైనంతలో మంచిదంటాడు.

నాలుగో భాగంలోనే మనవంటి పాఠకులను నిలబెట్టి ఆలోచింపజేసే వాక్యం ఒకటుంది. పదవులను చీట్లు తీసి పంచడం ప్రజాస్వామ్య లక్షణమనీ, ఎన్నికల ద్వారా నింపడం ధనిక పాలన లక్షణమనీ పరిగణించబడుతుందని ఆయన మామూలు సంగతిలా చెప్పి ముందుకు వెళ్ళిపోతాడు. ఎన్నికలనే ప్రజాస్వామ్యమనుకుని పెరిగిన మనకు అది తలకిందులుగా తోస్తుంది. పేరు, పలుకుబడి, ఖర్చు పెట్టగల స్తోమత ఉన్నవారే ఎన్నికలో నెగ్గుతారన్నది గ్రీకుల అనుభవం.

అయిదో భాగం అంతఃకలహాల గురించి. తిరుగుబాట్లు చిన్న కారణాలతో మొదలవుతాయి గానీ చిన్న విషయాల కోసం జరగవన్న సూత్రాన్ని ఎన్నో నగరాల ఉదాహరణలతో ఆయన చూపిస్తాడు. నిరంకుశుడు కూడా తన పదవి ఎలా నిలుపుకోవచ్చో వైద్యుడిలా చెబుతాడు, అది చదివి కొందరికి కోపం వస్తుంది. ఆరో భాగంలో, ప్రజాస్వామ్యాల్లోకెల్లా మంచిది రైతులదనీ, పొలం పనుల వల్ల వారికి తరచూ సభకు వచ్చే తీరిక ఉండదనీ అంటాడు. ఇందులో మెచ్చుకోలు ఎంతో, చురక ఎంతో తేల్చడం కష్టం.

ఈ గ్రంథం మొదటి భాగం గురించి ముందే హెచ్చరించాలి. కొందరు పుట్టుకతోనే దాసులన్న వాదం అందులోనే ఉంది. స్త్రీకి ఆలోచించే శక్తి ఉన్నా దానికి అధికారం లేదన్న మాట కూడా ఉంది. దీన్ని కాలం పేరుతో తీసిపారేయడానికి వీల్లేదు, ఎందుకంటే దాస్యం ప్రకృతి విరుద్ధమనీ, కేవలం బలం మీద నిలిచినదనీ వాదించేవారు తన కాలంలోనే ఉన్నారని అరిస్టాటిలే రాశాడు. ఆ వాదం విని కూడా ఆయన ఎదుటి పక్షం తీసుకున్నాడు. పౌరుల తీరిక దాసుల శ్రమ మీద నిలిచిన నగరంలో 'మంచి జీవితం' గురించి రాస్తున్న రచన ఇదని ప్రతి భాగంలోనూ గుర్తుపెట్టుకోవాలి.

మిగిలిన రెండు

'చట్టాలు' ప్లేటో వృద్ధాప్యంలో రాసినది, ఆయన రచనల్లో అన్నిటికన్నా పొడవైనది, పన్నెండు భాగాలు. ఇందులో సోక్రటీస్ లేడు. ఏథెన్స్, క్రీట్, స్పార్టాలకు చెందిన ముగ్గురు ముసలివారు క్రీట్ ద్వీపంలో క్నోసస్ నుంచి జ్యూస్ గుహకు నడుస్తూ, కొత్తగా పెట్టబోయే ఒక నగరానికి చట్టాలు రాస్తారు. కుటుంబాల సంఖ్య 5,040. ఒకటి నుంచి పది వరకు ప్రతి అంకెతోనూ భాగింపబడే సంఖ్య గనుక భూమిని, సైన్యాన్ని, పన్నును పంచడానికి వీలుగా ఉంటుందని ఆ ఎంపిక. తత్వవేత్త పాలన పోయి చట్టం పాలన వస్తుంది. ఒక్కో కుటుంబానికి అమ్మరాని భూమి వాటా ఉంటుంది, ఆ వాటా విలువకు నాలుగు రెట్ల వరకే పైన సంపద ఉండవచ్చు. చట్టం ఆజ్ఞాపించే ముందు పీఠికతో నచ్చజెప్పాలన్న ఆలోచన నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చింది. దాసులకు వైద్యం చేసేవాడు మందు విసిరి వెళ్ళిపోతాడు, స్వతంత్రులకు వైద్యం చేసేవాడు జబ్బు వివరించి ఒప్పించాకే మందు ఇస్తాడు అన్న పోలికతో దాన్ని చెబుతాడు. అదే గ్రంథం పదో భాగంలో, దేవుళ్ళను నమ్మనివారికి అయిదేళ్ళ నిర్బంధమూ, మారకపోతే మరణమూ విధిస్తాడు. సోక్రటీస్ మీద మోపిన నేరాల్లో నగరం కొలిచే దేవుళ్ళను నమ్మకపోవడం ఒకటని తెలిసిన పాఠకుడికి ఆ పుటలు మింగుడుపడవు. న్యాయవాదులకూ చట్టాల రచనతో సంబంధమున్నవారికీ తప్ప ఈ గ్రంథాన్ని మొదటి పఠనానికి సూచించను. దీనికీ 'రిపబ్లిక్'కూ నడుమ నిలిచే 'స్టేట్స్‌మన్' సంభాషణ చిన్నదే. ధైర్యం గలవారిని పడుగుగా, నెమ్మది గలవారిని పేకగా కలిపి నేయడమే రాజనీతి అన్న నేత ఉపమానం కోసమైనా దాన్ని తర్వాత చదవవచ్చు.

'ఏథెన్స్ రాజ్యాంగం' తత్వం కాదు, వివరం. అరిస్టాటిల్ బడి సేకరించిన 158 నగరాల రాజ్యాంగాల్లో మనకు దక్కిన పూర్తిపాటి రచన ఇది ఒక్కటే. ఈజిప్టులో, ఏదో ఎస్టేటు జమాఖర్చులు రాసిన పాపిరస్ చుట్టల వెనుక వైపున దొరికి, 1891లో లండన్‌లో అచ్చయింది. స్వయంగా ఆయన రాశాడా, శిష్యుడు రాశాడా అన్న చర్చ ముగియలేదు. మొదటి సగం పైచిలుకు చరిత్ర, మిగిలినది నాటి ప్రభుత్వ యంత్రాంగం. ఏథెన్స్ నాయకుడు క్లైస్థెనీస్ సంస్కరణలతో వచ్చిన పది తెగల నుంచి తెగకు యాభైమంది చొప్పున చీట్లతో అయిదువందలమంది సభ ఎలా ఏర్పడుతుంది, న్యాయస్థానంలో నీటి గడియారం ఎలా నడుస్తుంది, తీర్పరులు ఎటు ఓటు వేశారో తెలియకుండా నిండు ఇరుసు, బోలు ఇరుసు గల కంచు బిళ్ళలను ఎలా వేస్తారు అన్నవన్నీ అందులో ఉన్నాయి. చెత్త ఎత్తేవారు నగరపు గోడకు పది స్టేడియాల లోపల, అంటే రెండు కిలోమీటర్లకు కాస్త తక్కువ దూరంలో, పారబోయకుండా చూడటం ఏ అధికారుల పనో కూడా రాశారు. ప్లేటో ఓడను చదివి ఏథెన్స్ ప్రజాస్వామ్యమంటే అల్లరి మూక అనుకున్నవారు ఈ చిన్న పుస్తకం చదివితే ఆ మూకకు ఎంత పకడ్బందీ ఏర్పాట్లు ఉండేవో తెలుస్తుంది.

ఏ వరుసలో చదవాలి

అందరికీ ముందుగా నేను సూచించేది ప్లేటో 'క్రీటో', ఒక పూటలో అయిపోతుంది. చెరసాలలో ఉన్న సోక్రటీస్ దగ్గరికి మిత్రుడు తెల్లవారుజామున వచ్చి పారిపొమ్మని బతిమాలుతాడు. ఏథెన్స్ చట్టాలే ఎదురుగా వచ్చి నిలిచి, మమ్మల్ని ఒప్పుకునే కదా ఇక్కడ డెబ్బయ్యేళ్ళు బతికావు, ఇప్పుడు మమ్మల్ని కూల్చి పోతావా అని అడిగినట్టు సోక్రటీస్ ఊహించి, ఉండిపోతాడు. వ్యక్తికీ సమాజానికీ ఉన్న ముడి ఎంత గట్టిదో, దాన్ని ఒప్పుకోవాలో లేదో అన్న ప్రశ్న పుడితే మిగతా గ్రంథాలకు మీరు సిద్ధమైనట్టే.

ఆ తర్వాత సాధారణ పాఠకులు 'పాలిటిక్స్' మూడు నుంచి అయిదు భాగాలు, వెంటనే 'రిపబ్లిక్' ఎనిమిదో భాగం చదివి, అప్పుడు 'రిపబ్లిక్'ను మొదటి నుంచి పట్టుకోవడం మంచిది. సివిల్ సర్వీసెస్‌లో రాజనీతి శాస్త్రాన్ని ఐచ్ఛికంగా తీసుకున్నవారి పాఠ్యప్రణాళికలో ప్లేటో, అరిస్టాటిల్ ఇద్దరూ ఉన్నారు గనుక, 'రిపబ్లిక్' ఒకటి, రెండు, నాలుగు నుంచి ఎనిమిది భాగాలతో పాటు 'పాలిటిక్స్' రెండో భాగంలోని విమర్శను పక్కపక్కన పెట్టుకుని చదివితే గైడ్లలో దొరకని సొంత మాటలు జవాబులో వస్తాయి. చరిత్ర మీద మక్కువ ఉన్నవారు ఈ క్రమాన్ని పక్కనపెట్టి 'ఏథెన్స్ రాజ్యాంగం'తో మొదలుపెట్టినా నష్టం లేదు.

ఇంగ్లిషు అనువాదాన్ని ఆశ్రయించవలసి వస్తే, పందొమ్మిదో శతాబ్దపు బెంజమిన్ జోవెట్ అనువాదాలు ఉచితంగా దొరుకుతాయి, చదవడానికి సాఫీగా ఉంటాయి గానీ మూలాన్ని అక్కడక్కడా మెత్తబరుస్తాయి. మూలానికి దగ్గరగా ఉండాలనుకుంటే 'రిపబ్లిక్'కు ఆలన్ బ్లూమ్ 1968లో ప్రచురించిన అనువాదం నయం, అందుకు తగ్గట్టు కాస్త గరుకుగానూ ఉంటుంది. ఏది తీసుకున్నా అంచులో అంకెలున్న ప్రతి తీసుకోవాలి. ప్లేటోకు 1578 నాటి స్టెఫానస్ ముద్రణ అంకెలు, అరిస్టాటిల్‌కు 1831 నాటి బెకర్ ముద్రణ అంకెలు వాడతారు. ఎవరైనా 'రిపబ్లిక్' 488 అన్నారంటే అది ఓడ ఉపమానం, 'పాలిటిక్స్' 1281 అన్నారంటే అది విందు ఉపమానం. ఆ అంకెలుంటే రెండు పుస్తకాలనూ తెరిచి ఆ రెండు చోట్లనూ ఒకేసారి చూడవచ్చు.